డైరెక్ట్ సక్రి, తోక తెగిన దీపాలు

పిట్లం దాటి బస్సు బాన్సువాడ దారి పట్టిందో లేదో, ఆదిశేషయ్య ఒళ్ళో ఉన్న తువాలు మూట కారడం మొదలుపెట్టింది. ముందు చుక్కలు, తర్వాత సన్నటి ధార. డెబ్భై దాటిన మనిషి పంచె సరిగ్గా ఆ చోట తడిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారో ఆయనకు తెలుసు. అందుకని మూటను ఇంకాస్త పొట్టకు అదుముకుని, కిటికీ అవతలి చెరుకు తోటల్ని మహా శ్రద్ధగా చూడసాగాడు.

"తాతా, నీ మూట ఏడుస్తున్నది," అంది పక్క సీట్లో ఆడమనిషి.

చెవుల పక్కన జుట్టుకు వేలాడే వెండి గుత్తులు చూస్తే తండా మనిషని తెలుస్తోంది. గోళ్ళ చుట్టూ మాత్రం మోటారు చుట్టలకు పూసే వార్నిష్ మరకలు. కాళ్ళ మధ్య గోనె సంచి, అందులోంచి తొంగిచూస్తున్న పానాలు.

"ఏడవడం కాదమ్మా, చెమట. కరెంటు సామాను," అన్నాడు ఆదిశేషయ్య.

"కరెంటు సామానుకు చెమటెందుకు వడ్తది? ఇటియ్యి."

ఇవ్వమంటే ఇచ్చేశాడు. బస్సుల్లో మనుషులు ఒళ్ళో పెట్టుకుని తిరిగేవాటి మీద ఎవరైనా ఒక గ్రంథం రాయాలి. కోడిపుంజులు, పెళ్ళి చీరలు, దవాఖాన ఎక్స్‌రేలు, పగిలిన దేవుడి పటాలు. పోగొట్టుకుంటే బతకలేమనుకున్నదాన్నే మనిషి డిక్కీలో వేయకుండా ఒళ్ళో పెట్టుకుంటాడు. ఆదిశేషయ్య ఒళ్ళో ఉన్నది అన్నం పళ్ళెమంత గుండ్రటి దీపం. ముందు గాజు, వెనక స్టీలు డొప్ప, దానికి జానెడు నల్ల తీగ. బస్సు ఊగినప్పుడల్లా గాజు వెనక నీళ్ళు ఊగుతున్నాయి.

"గిది స్విమ్మింగ్ పూలు లైటు గద."

"నీకెలా తెలుసు?"

"నీళ్ళల్ల ఉండాల్సింది బస్సుల తిరుగుతుంటే తెల్వదా? వాషర్ వోయింది దీనికి. ఇంక చూసుడేమీ లేదు. రబ్బరు వాషర్ ఖరాబ్."

అని ఆగిందా? సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి అక్కడికక్కడే విప్పింది. లోపలి నీళ్ళన్నీ ఆదిశేషయ్య పంచె మీద పడ్డాయి. ఇప్పుడిక దాచడానికేమీ మిగల్లేదు.

"అమ్మా, బస్సుల ఏం కడుగుతున్నవ్?" కండక్టరు అరిచాడు.

"నీ టికెట్ మిషన్ కూడ కడగాల్నా? తే, కడుగుత."

బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. వాషర్‌ను వేలితో నొక్కి, సాగదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కొత్తగా, మెత్తగా ఉంది. బస్సు నిండా జనం ముందు తను తప్పు చెప్పినందుకు ఆ వాషర్‌నే ఓ తిట్టు తిట్టింది. తర్వాత జానెడు తీగను పట్టుకుని, చివరనున్న టేపు పీకి, పాలు పితికినట్టు పితికింది. రాగి పోగుల మధ్యనుంచి ఒక నీటి బొట్టు బయటికొచ్చింది.

"అబ్బో! తీగలకెల్లి తాగింది. నోరు మూసిపెడితే తోకతోటి తాగింది." అప్పుడు తల తిప్పి అడిగింది. "తాతా, ఈ తోకెవరు కోసిండ్రు?"

ఆదిశేషయ్య మళ్ళీ చెరుకు తోటల వైపు తిరిగాడు. కానీ ఆ మలుపులో చెరుకు అయిపోయి వరి మొదలైంది.

ఆ తోక కథ ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. కాలువ నీళ్ళను వెతుక్కుంటూ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపు పేరుతో ఊరు కట్టుకున్న రైతుల్లో ఆయన తండ్రి ఒకడు. బండి మీద తెచ్చుకున్న తాడు ముక్కను కూడా పారేయని ఇల్లు అది. అలాంటి ఇంట్లో కొడుకు గోపీచంద్ పిట్లం రోడ్డు మీద ఫంక్షన్ గార్డెన్ కట్టి, అందులో ఈత కొలను తవ్వించాడు. పట్నం నుంచి వచ్చిన పనివాళ్ళు ప్రతి దీపం వెనకా గోడ గూట్లో బారల కొద్దీ తీగను చుట్టచుట్టి పెట్టి, బిగించి వెళ్ళిపోయారు. అసలు రాగి, పైన మందపాటి రబ్బరు, నీళ్ళు నింపితే ఇక ఎవరికీ పనికిరాకుండా పోయే తీగ! ఆదిశేషయ్యకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి వాచ్‌మన్ నర్సింలును వెంటబెట్టుకుని ఎండిన కొలనులోకి దిగి, ప్రతి చుట్టనీ కోసేశాడు. మిగిలిన కొసలను నర్సింలు బోరు మోటారుకు వేసినట్టే మైనం పూసి టేపు చుట్టి అతికాడు. కోసిన తీగలో కొంత గేదెల కొట్టంలో బల్బుకు పోయింది. కొంత ఆయన భార్య రాజ్యం బట్టలారేసే దండెం అయింది. వారం తిరిగేసరికి కొలనులో దీపాలు ఒక్కొక్కటీ కళ్ళు మూయసాగాయి. పట్నం వాళ్ళ సరుకే చెడ్డదని తిట్టి, కొడుకు వాటిని పీకించి కొత్తవి వేయిస్తుంటే ఈయన తన కోత సంగతి దాచాడు. చప్పుడు కాకుండా ఒక పాత దీపాన్ని పిట్లంలో మిక్సీలు బాగుచేసేవాడికి చూపించి, వాడు దణ్ణం పెట్టి పంపేస్తే తిరిగొస్తున్నాడు.

"ఆ తీగ అంతెందుకు పెడతారసలు? వృథా కాదూ?" అన్నాడు, ఎవరి సంగతో అడుగుతున్నట్టు.

"వృథా ఎట్లయితది? లైటు వోతే నీళ్ళు తోడాల్నా మరి? ఒక్క స్క్రూ ఇప్పాలె, తోక పట్టుకొని లైటును గట్టు మీదికి గుంజాలె, ఎండల కూసొని బాగుజేయాలె. నీళ్ళు నీళ్ళల్లనే ఉంటయ్. ఇంకోటి, తీగ తెగకుండ పైపులకెల్లి గట్టు మీది డబ్బల దాక రావాలె. జాయింటు ఉంటే ఆడనే ఉండాలె, పొడి జాగల. ఎవడో అక్కలున్నోడు నీళ్ళల్ల జాయింటు ఏసిండు."

"తెలివున్నవాడు" అనడానికి ఇక్కడ "అక్కలున్నోడు" అంటారు. పొగడ్తో తిట్టో గొంతును బట్టి తెలుసుకోవాలి. ఆదిశేషయ్య తెలుసుకున్నాడు.

"నీ పేరేంటమ్మా?"

"సక్రి. బాన్సువాడల మోటర్ల షాపు. డైరెక్ట్ సక్రి అంటే గుర్తువడ్తరు."

గుర్తుపట్టాడు. మొహం మీద కొట్టినట్టు మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది నిజం కాకపోలేదు గానీ, పేరు వచ్చిన దారి వేరు. నాట్ల కాలంలో, కరెంటు ఉన్న ఆ కాసేపట్లో స్టార్టర్ కాలిపోతే రైతు ఉరుక్కుంటూ వచ్చేది ఈమె దగ్గరికే. చుట్టూ ఉన్న మెకానిక్కులు తల గోక్కుంటుంటే ఈమె స్టార్టర్‌ను పక్కకు తోసేసి, తీగను తీగకు కట్టి, మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చేది. "డైరెక్ట్ ఇచ్చిన, పో" అనేది. మడి తడిసేది. పెళ్ళైన కొత్తలో మొగుడి షాపులో రాగి చుట్టలు చుట్టడానికి కూర్చుంది. మొగుడు దుబాయి పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. షాపు బోర్డు మీద ఇప్పటికీ అతని పేరే. మార్పించవేమని అడిగితే, "బోర్డు మోటర్ తిప్పుతదా?" అంటుంది. మొదట్లో రైతులు గడపలో నిలబడి "అన్న లేడా?" అని అడిగేవారు. "అన్న లేడు. మోటర్ ఉన్నదా, పోవాల్నా?" అనేది. అన్నను అడగడం మానేశారు.

"అయితే సక్రీ, మా గార్డెన్ దగ్గర దిగు," అన్నాడు ఆదిశేషయ్య, ఏ ధైర్యంతో అన్నాడో. "ఒకసారి చూసిపో."

గార్డెన్‌లో ఆ వేళ హడావిడిగా ఉంది. గోపీచంద్ భార్య సిరీష గేటు దగ్గరే ఎదురైంది. పొద్దున్నుంచి రాత్రి దాకా మగవాళ్ళదే అయిన ఆ కొలనులో, పొద్దు వాలే వేళ ఒక్క గంట ఆడవాళ్ళకు ఇప్పించడానికి ఆమె భర్తతో ఎన్ని పోట్లాటలు పెట్టుకుందో లెక్కలేదు. చివరికి అతను ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. లోపల లైట్లు వెలగాలి. మసక చీకట్లో ఎవరికైనా ఏమైనా అయితే ఊరికి తనేం సమాధానం చెప్పాలి? లైట్లు లేకపోతే గంటా లేదు. ఇవాళ ఆ గంటకు మొదటి రోజు.

పురాణాల్లో, ప్రబంధాల్లో జలక్రీడలు పేజీలకు పేజీలు ఉంటాయి. తామరలు, హంసలు, తడిసిన పయ్యెదలు, అన్నీ ఉంటాయి. అవన్నీ ఒడ్డున నిలబడి చూసినవాడు రాసినవి. నీళ్ళలో దిగినామెను భయమేసిందా, చలేసిందా అని ఏ కవీ అడగలేదు. సిరీష పిలిచిన ఆడవాళ్ళకు హంసలతో పనిలేదు. వాళ్ళలో ఒకామె దవాఖానలో నర్సు, ఒకామె బట్టల కొట్టు వాళ్ళ కోడలు, ఇంకొకామెకు మోకాళ్ళ నొప్పులు. అంతే.

"కొత్త లైట్లు వేశాం అక్కా, బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి," అంది సిరీష, మామగారు సక్రి ఎవరో చెప్పగానే. "ఒక్కటే, అప్పుడప్పుడు మినుకుమంటున్నాయి. అది చూడు చాలు."

నర్సింలు ముందుకొచ్చి వివరం చెప్పాడు. "పాత లైట్లకు ట్రాన్స్‌ఫార్మర్ ఉండె అక్కా. అది కాలింది. షాపాయన ఇవి ఇచ్చిండు. ఇవి డైరెక్ట్ లైట్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఫికరే లేదు."

"ఏమంటివి?" సక్రి సంచి కింద పెట్టింది. "పాతయి ఏడున్నయ్?"

ఆదిశేషయ్య ఏదైనా పారేస్తాడా? మూలనున్న గోనె సంచిని ఆయనే ఈడ్చుకొచ్చాడు. సక్రి అందులోంచి ఒక దీపం తీసి, నర్సింలు బండి సీటు ఎత్తించి, బ్యాటరీకి దాని కొసలు తాకించింది. ఎదురు గోడ నీలంగా మెరిసింది. వెంటనే తీసేసింది. నీళ్ళు లేకుండా వెలిగిస్తే వేడెక్కి చస్తుందని గొణిగింది.

"చూసినవా తాతా? ఇది సావలే. బండి బ్యాటరీ అంత కరెంటు చాలు దీనికి. నీళ్ళల్ల కారినా మనిషికి ఏం గాదు. ఇప్పుడు మీరు ఏసినయ్ ఇంట్ల కరెంటు లైట్లు. మిక్సీకి వచ్చే కరెంటు, ఫ్రిజ్జుకు వచ్చే కరెంటు. గది నీళ్ళల్లకు దింపిండ్రు. మల్ల గదే టేపు జాయింటు."

"కరెంటు కారితే దానంతటదే పడిపోవడానికి ట్రిప్ స్విచ్ ఉంది కదమ్మా," అన్నాడు ఆదిశేషయ్య.

సక్రి గోడ మీది డబ్బా తెరిచింది. ట్రిప్ స్విచ్ ఉంది. కానీ ఇవతలి కొస నుంచి అవతలి కొసకు ఒక నల్లటి తీగ వంతెన కట్టి ఉంది. కరెంటు ఆ స్విచ్‌ను ముట్టుకోకుండానే దాటిపోతోంది. మందపాటి రబ్బరు, లోపల అసలు రాగి. ఆదిశేషయ్య ఆ తీగను గుర్తుపట్టాడు. సక్రి ఆయన మొహాన్ని గుర్తుపట్టింది.

"తోక ఈడికొచ్చిందా!" అంది నెమ్మదిగా.

"ఊకె పడిపోతుండె అక్కా," నర్సింలు తల గోక్కున్నాడు. "ఖరాబైందని డైరెక్ట్ ఇచ్చిన."

"అది ఖరాబ్ కాలే. మొత్తుకున్నది. మొత్తుకుంటుంటే నువ్వు దాని నోట్ల గుడ్డ కుక్కినవ్. ఒక్కటి చెప్పు నర్సింలూ, మెట్ల కడ్డీ పట్టుకుంటే నీ చేతికి ఏమన్న తెలుస్తున్నదా?"

నర్సింలు సిరీష వైపు చూసి, నేల చూసి, "కొద్దిగ... జిల్లుమంటది," అన్నాడు.

సిరీష చెయ్యి నోటి మీదికి పోయింది. అంతలో గోపీచంద్ కారు దిగాడు.

"ఎవరూ, సక్రేనా! మంచి టైముకొచ్చావ్. నీ పేరులోనే ఉంది గద డైరెక్ట్. ఆ మినుకుడు ఆపి ఒక్క గంట నడిపియ్. తర్వాత మొత్తం మార్పిద్దాం."

"నడపను."

"ఏంది?"

"నడపను అంటున్న."

"మా పొలంలో ఎన్నిసార్లు డైరెక్ట్ ఇచ్చావ్! అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?"

"ఇచ్చిన. కాదన్ననా? రేపు నీ నాట్లు ఎండుతుంటే పిలువు, ఉరికొచ్చి మల్ల ఇస్త." సక్రి గొంతు ఎత్తలేదు గానీ గార్డెన్ అంతా వినిపించింది. "మోటర్ నీళ్ళల్ల ఉంటది, మనిషి గట్టు మీద ఉంటడు. ఈడ మనుషులే నీళ్ళల్లకు దిగుతున్నరు. దీనికి డైరెక్ట్ ఇచ్చేది సక్రి కాదు."

"నిన్న మగాళ్ళు ఈదారు. ఎవరికేమైంది?"

"కొంచెం జిల్లుమన్నదంట. ఇయ్యాల ఎంత జిల్లుమంటదో నువ్వు దిగి చెప్పు. దిగు. చొక్కా నేను పట్టుకుంట."

గోపీచంద్ దిగలేదు. గేటు అవతల ఆటోలు ఆగుతున్నాయి. భుజాల మీద తువాళ్ళతో, నవ్వు ఆపుకుంటూ, ఎవరైనా చూస్తున్నారేమోనని పక్కలు చూసుకుంటూ ఆడవాళ్ళు వస్తున్నారు.

సిరీష సక్రి మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, ఏదో ఒకటి చెయ్యి. ఇవాళ ఆగిందా, ఇక ఎన్నటికీ మొదలవ్వదు. నేను చెప్పలేదా అంటారు ఈయన."

"లైట్లెందుకు నీకు?"

"లైట్లు లేకపోతే గంట లేదన్నారు."

"ఎవరన్నరు? నీళ్ళన్నయా? చిన్నప్పుడు మా తండా ఆడపిల్లలం నిజాంసాగర్ కాల్వల ఈదినం. లోపల ఎవడు ముట్టిచ్చిండు లైట్లు? ఇంకా పొద్దు ఉన్నది. అడుగు కనవడ్తున్నది. చీకటి కాకముందే ఎక్కుతరు. ఏమయితది?"

"నా గార్డెన్‌లో రూల్స్ నేను పెడతాను," అన్నాడు గోపీచంద్. "నర్సింలూ! ఆ తీగ బిగించి స్విచ్ వెయ్."

నర్సింలు కదిలాడు. జీతగాడు మరి, కదలక ఏం చేస్తాడు? అప్పుడు ఆదిశేషయ్య వాడికీ డబ్బాకూ మధ్యకు వచ్చాడు. పంచె ఇంకా ఆరలేదు.

"ఒరేయ్ గోపీ. పట్నం వాళ్ళ సరుకు మంచిదేరా. తీగలు కోసింది నేను."

గోపీచంద్ తండ్రి వైపు తిరిగాడు.

"మీరా నాన్నా? ఎందుకు?"

"ఎందుకేంటి? బాగుంది కనక. మీ అమ్మ బట్టలారేస్తోంది దాని మీదే, గేదెల కొట్టంలో బల్బుకూ అదే. నేను కోశాను, వీడు అతికాడు, నీళ్ళు లోపలికెళ్ళాయి, అక్కణ్ణుంచి ఒకదాని మీద ఒకటి. తిట్టు నన్ను. కానీ ఆడపిల్లల్ని అందులోకి దింపకు."

గోపీచంద్ మొహం ఎర్రబడింది. నిజం బయటపడితే మనిషి మెత్తబడతాడని పుస్తకాల్లో రాస్తారు. బయట ఎక్కువసార్లు అలా జరగదు. నలుగురు చూస్తుండగా తండ్రి చేత బుద్ధి చెప్పించుకున్న కొడుకు ఇంకా బిగుసుకుపోతాడు.

"అదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు వచ్చినవాళ్ళ ఎదుట నా పరువు పోకూడదు. నర్సింలూ, వెయ్ అంటున్నా!"

టక్కుమని శబ్దమైంది. సక్రి మెయిన్ దించేసింది. సంచిలోంచి కటింగ్ ప్లయర్ తీసింది. టెస్టర్ పెట్టి చూసుకుంది. ఎవరికైనా ఏమి జరుగుతోందో అర్థమయ్యేలోపు, డబ్బా నుంచి కొలనుకు పోయే తీగలన్నిటినీ గోడలోకి దూరే చోట, మళ్ళీ పట్టుకుని లాగడానికి వేలెడు కూడా మిగలకుండా కత్తిరించింది. ఒకటి. పక్కది. దాని పక్కది. వంతెన తీగను చివర్న పీకింది.

"ఏం చేస్తున్నావే!"

"తోకలు కోసుడు మీ ఇంట్ల అందరికొచ్చు. నాకు రాదా?"

"ఇంక మా పొలం మోటారు ఒక్కటి నీ షాపు గడప తొక్కదు. క్యాంపులో ఏ ఇంటి మోటారూ రాదు. చెప్తున్నా!"

ఉత్త బెదిరింపు కాదది. క్యాంపు మోటార్లు రాకపోతే ఆమె షాపులో సగం పని ఉండదు. ఆదిశేషయ్యకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. తల కూడా తిప్పలేదు.

"చూద్దాం, నాట్లప్పుడు. కాలిన మోటరుకు కోపముండదు. రైతుకు ఉంటే ఉండనీ." ప్లయర్ సంచిలో వేసింది. "తోక మొత్తమున్న లైట్లు తెప్పియ్యిండ్రి. ట్రాన్స్‌ఫార్మర్ గోడకు, జాయింటు గట్టు మీద, చుట్ట లైటు ఎనక గూట్ల. ఎవ్వరు కొయ్యొద్దు. అట్లయితే నేనే వచ్చి ఏస్త. డైరెక్ట్ లైట్లు అంటే పిలువకుండ్రి."

కోసిన ముక్కల్ని చుట్టచుట్టి ఆదిశేషయ్య చేతిలో పెట్టింది.

"ఇగో తాతా. బర్ల కొట్టానికి."

గేటు దగ్గర నిలబడిపోయిన ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. గోపీచంద్ ఏదో అనబోయాడు. ఈలోగా వెనక నీళ్ళ చప్పుడైంది. సిరీష చుడీదారుతోనే మెట్లు దిగింది, కడ్డీ పట్టుకోకుండా. నడుము లోతు నీళ్ళలో నిలబడి మొగుడి వైపు చూసింది.

"పొద్దు పోతోంది. ఈ గంట మాది. మగాళ్ళంతా బయటికి నడవండి."

కొలను వెలగడం లేదు. వరి పొలాల మీంచి వచ్చే పడమటి వెలుతురు మాత్రం నీళ్ళ మీద పరుచుకుని ఉంది. నర్సు చెప్పులు విడిచింది. మోకాళ్ళ నొప్పులామె చీర కుచ్చిళ్ళు దోపుకుంది. గోపీచంద్ ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరితోనో చాలా ముఖ్యమైన సంగతి మాట్లాడుతున్నట్టు గేటు వైపు నడిచాడు. ఆ ఫోన్ మోగలేదని అందరూ చూశారు.

ఆదిశేషయ్య కూడా మగవాడే కాబట్టి బయటికి రావాల్సి వచ్చింది. సక్రితో ఒక మాట చెప్పాలనుకున్నాడు. మీ షాపుకు మోటార్లు నేను పంపిస్తాననో, కనీసం వెళ్ళిరమ్మనో, కాసిని టీ నీళ్ళు తాగమనో. తీగల చుట్ట చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. డబ్బా దగ్గర లేదు. గేటు దగ్గరా లేదు.

రోడ్డు మీదికి వచ్చాడు. సక్రి బస్సు కోసం ఆగలేదు. భుజాన గోనె సంచితో బాన్సువాడ వైపు అప్పటికే కొంత దూరం నడిచిపోయింది. ఇక్కడ గడప దాటేటప్పుడు ఎవరైనా "వస్త" అంటారు, పగవాళ్ళు కూడా అంటారు. ఆమె అనలేదు.

"సక్రీ!" అని కేకేశాడు.

సంచిలో పానాల గలగల వినిపించింది. గోడ వెనక ఎవరో మొదటిసారి నీళ్ళలో మునిగి లేచి పెద్దగా అరిచారు. సక్రి వెనక్కి తిరిగి చూడలేదు.